సైకిల్ లైటు ఆగిపోతే



ఈ పూట సైకిల్ లైటు గురించి మాట్లాడుకుందాం. హ్యాండిల్‌కు రబ్బరు పట్టీతో బిగించే తెల్ల లైటు, సీటు కింద మిణుకుమనే ఎర్ర లైటు. బజార్లో నూటయాభైకీ రెండొందలకీ దొరికే రకం. కొత్తలో కళ్లు జిగేల్‌మనేలా వెలుగుతాయి. ఒక వానాకాలం దాటేసరికి ఒకటి గుంతలో పడ్డప్పుడల్లా ఆరిపోతుంది, ఇంకొకటి ఎంత నొక్కినా ఉలకదు పలకదు. చవక వస్తువులేగా అనుకుని పక్కన పడేస్తాం. మర్నాడు లైటు లేకుండానే సైకిలెక్కుతాం.

నాకు బాధగా ఉండేది ఆ మర్నాటి సంగతే. మన ఊళ్లలో చీకట్లో సైకిలు తొక్కేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాళ్లు, పాలు పోసేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్లు, రెండో షిఫ్టు ముగించుకున్న మిల్లు కార్మికులు, ట్యూషన్ నుంచి తిరిగొచ్చే పిల్లలు. వీళ్ల వెనక లారీ వస్తుంది, ఆటో వస్తుంది, హడావిడిగా మోటారు సైకిలు వస్తుంది. ముందు ఒక మనిషి ఉన్నాడని ఆ డ్రైవరుకు దూరం నుంచే తెలియజెప్పేది వెనకున్న ఆ ఎర్రచుక్కే. అది వెలగాలి. ఆగిపోతే మళ్లీ వెలిగించుకోవడం మన చేతుల్లో ఉండాలి.

నేను చెప్పదలచుకున్నది ఇది. చవక లైటు ఆగిపోయినా అందులోని ఖరీదైన భాగం చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. చెడేది ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కరెంటు దాటే చోటు. సెల్లు స్ప్రింగును తాకే చోటు, స్విచ్చి లోపల రెండు రేకులు కలిసే చోటు, వైరు బోర్డుకు అతికిన చోటు, ఛార్జింగ్ పిన్ను గుచ్చే చోటు. ఈ నాలుగింటినీ వరసగా చూడటం వస్తే చాలా లైట్లు ఇంట్లోనే బాగుపడతాయి.

వెనకటి సైకిళ్ల సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టైరు పక్కకు ఆనుకుని తిరిగే డైనమో ఉండేది. 6 వోల్టులు, 3 వాట్లు దాని సామర్థ్యం. తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. చక్రానికి అది ఒరుసుకుంటుంటే కాళ్లకు బరువు తెలిసేది. ఆ 3 వాట్లలో ముందు బల్బుకు 2.4 వాట్లు, వెనక బల్బుకు 0.6 వాట్లు పంచేవారు. వెనక బల్బు మాడిపోతే దాని వాటా కూడా ముందు బల్బు మీద పడి, అదీ త్వరగా మాడిపోయేది. అందుకే తెలిసినవాళ్లు రెండింటినీ ఒకేసారి సరిచూసుకునేవారు. ఆ రోజుల్లో సైకిలు షాపులో డైనమో విప్పడం, బల్బు మార్చడం మామూలు పని. లైటు పాడైతే పారేయాలనే ఆలోచనే ఉండేది కాదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్న చిన్న లైటు ఆ డైనమో కంటే ఎంతో గొప్ప వస్తువు. ఇందులోని తెల్ల వెలుగు వెనక పెద్ద కథే ఉంది. ఎర్ర ఎల్ఈడీ 1960ల నుంచీ ఉంది. నీలం రంగులో బలంగా వెలిగే ఎల్ఈడీ దగ్గర మాత్రం శాస్త్రవేత్తలు చాలాకాలం తంటాలు పడ్డారు. జపాన్‌కు చెందిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా దాన్ని సాధించారు. నీలం ఎల్ఈడీ మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత పూస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. మీ హ్యాండిల్ మీద లైటు అద్దంలోంచి తొంగిచూడండి, ఆర్పినప్పుడు కనిపించే పసుపు చుక్క అదే. ఈ పనికి ఆ ముగ్గురికీ 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇక లోపలి లిథియం అయాన్ బ్యాటరీ 1991లో తొలిసారి మార్కెట్లోకి వచ్చింది. దానికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ దక్కింది. రెండు నోబెల్ బహుమతుల పనితనం ఇమిడిన వస్తువును తుప్పు పట్టిన స్ప్రింగు కోసం చెత్తలో వేయడం అన్యాయం అని నా అభిప్రాయం.

సరే, పనిలోకి దిగుదాం. ముందు పనిముట్లు. చిన్న స్టార్ స్క్రూడ్రైవరు ఒకటి. లైటు పెట్టె విప్పడానికి గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు ఒకటి. ఉప్పుకాగితం ముక్క, ఇయర్ బడ్స్, కొంచెం స్పిరిట్, ఇన్సులేషన్ టేపు. వీలైతే ఒక మల్టీమీటర్. మూడు నాలుగు వందల్లో వచ్చే మీటరు ఈ పనికి సరిపోతుంది. అతుకు వేయడం వచ్చినవాళ్లకు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంటే మంచిది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీ తెలిసే ఉంటుంది. స్విచ్చులు, ఛార్జింగ్ సాకెట్లు, ఎల్ఈడీలు అక్కడ విడిగా అమ్ముతారు. మిగతా ఊళ్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాణ్ని అడగండి. ఇలాంటి సరుకు అతని దగ్గర ఉంటుంది.

ఇప్పుడు వరస. పొలానికి నీరు అందకపోతే రైతు ఏం చేస్తాడు? తూము దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడుస్తూ, నీరు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిందో చూస్తాడు. మనమూ అంతే. సెల్లు దగ్గర మొదలుపెట్టి ఎల్ఈడీ వరకూ కరెంటు వెంట నడవాలి. మధ్యలో ఎక్కడ పడితే అక్కడ వేలు పెట్టకూడదు.

మొదటి మజిలీ సెల్లు. మామూలు పెన్‌సెల్లు, అంటే సన్నటి ట్రిపుల్ ఏ సెల్లు, కొత్తదైతే ఒకటిన్నర వోల్టు ఇస్తుంది. మూడు వేస్తే 4.5 వోల్టులు. మీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి ఒక్కోదాన్నీ విడిగా చూడండి. 1.2 కంటే బాగా తగ్గితే ఆ సెల్లు పని అయిపోయినట్టే. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి. బలహీనమైన సెల్లును మిగతా రెండూ బలవంతంగా లాగుతాయి, చివరికి అది కారుతుంది. మళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ రకం పెన్‌సెల్లు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి వాటితో కొన్ని లైట్లు కాస్త మసకగా వెలుగుతాయి. దాన్ని జబ్బు అనుకోకండి.

సెల్లు బాగున్నా లైటు వెలగకపోతే సెల్లు కూర్చునే గదిలోకి చూడండి. స్ప్రింగు మీద తెల్లటి పొడి గానీ పచ్చటి చిలుము గానీ ఉందా? ఉంటే దొంగ దొరికినట్టే. సెల్లు కారితే మిగిలేది ఇదే. అయితే కారిన సెల్లు ఏ రకమో ముందు చూడాలి. ఆల్కలైన్ అని రాసి ఉంటే కారినది క్షారం. దాన్ని తీయడానికి ఇయర్ బడ్‌ను నిమ్మరసంలో గానీ వెనిగర్‌లో గానీ ముంచి తుడవాలి. సన్నగా నురగ వస్తుంది, కంగారు పడొద్దు. చౌక రకం మామూలు కార్బన్ సెల్లు కారితే మాత్రం అది ఆమ్లం. దానికి వంటసోడా కలిపిన నీళ్లు వాడాలి. ఏదైనా సరే, చేతికి తగలకుండా చూసుకోండి, కళ్లకు దూరంగా పెట్టండి. తరువాత తడిగుడ్డతో తుడిచి, చివరగా స్పిరిట్‌తో శుభ్రం చేసి, ఫ్యాను కింద బాగా ఆరనివ్వండి. అప్పుడు ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా మెల్లగా రుద్దండి. స్ప్రింగు కుంగిపోయి ఉంటే కాస్త బయటికి లాగండి. అది సెల్లును గట్టిగా నొక్కితేనే గతుకుల్లో కరెంటు తెగదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరాల్లో ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఇంకా ఎక్కువ. ఉప్పుగాలికి ఇనుప స్ప్రింగులు త్వరగా పాడవుతాయి. లైటు నెలల తరబడి వాడకపోతే సెల్లు తీసి విడిగా దాచుకోవడం అలవాటు చేసుకోండి.

రెండో మజిలీ స్విచ్చి. ఇక్కడ లైట్లు రెండు రకాలు. పాత తరహా లైటులో కరెంటు అంతా స్విచ్చి గుండానే వెళుతుంది. కొత్త తరహాలో రబ్బరు బొత్తాం కింద చిన్న టిక్కుమనే బటన్ ఉంటుంది. అది బోర్డు మీది చిప్పుకు సంకేతం మాత్రమే ఇస్తుంది. ఒకసారి నొక్కితే వెలుగు, మళ్లీ నొక్కితే మిణుకు, ఇంకోసారి నొక్కితే ఆరిపోవడం.

మొదటి రకం స్విచ్చిని పరీక్షించడానికి ఒక మంచి పద్ధతి ఉంది. లైటు వేసి ఉంచి, మీటరు మొనలు రెండింటినీ స్విచ్చికి ఇటొకటీ అటొకటీ ఆనించండి. మంచి స్విచ్చి అయితే మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. అర వోల్టో, ఒక వోల్టో చూపిస్తే ఎల్ఈడీకి అందాల్సిన ఆ కాస్త బలం స్విచ్చిలోనే వేడిగా మారిపోతోందన్నమాట. లైటు మసకగా ఉందని సెల్లు మీద సెల్లు మార్చేవాళ్లు ఈ ఒక్క పరీక్ష చేసి చూడాలి. ఇదే పరీక్ష స్ప్రింగు దగ్గరా చేయొచ్చు, వైరు అతుకు దగ్గరా చేయొచ్చు. వెలుగుతున్న లైటులో ఎక్కడ వోల్టు పోతోందో జబ్బు అక్కడుంది.

మీటరు లేకపోతే, పెన్‌సెల్లు వేసే లైటులో స్విచ్చి కాళ్లు రెండింటినీ ఒక పిన్నీసుతో క్షణం పాటు కలపండి. లైటు వెలిగితే తప్పు స్విచ్చిదే. బటన్ రకంలోనూ ఇలా కలిపితే నొక్కినట్టే లెక్క. అయితే పిన్నీసు బటన్ కాళ్లను దాటి పక్కకు తగలకూడదు. స్విచ్చిలో తడి, మట్టి చేరితే రెండు మూడు చుక్కల స్పిరిట్ వేసి, అటూ ఇటూ పదిసార్లు జరపండి. స్పిరిట్ పూర్తిగా ఆరాకనే సెల్లు వేయండి. అప్పటికీ పలకకపోతే బటన్ మార్చాల్సిందే. అది పది రూపాయల లోపే దొరికే వస్తువు.

మూడో మజిలీ అతుకులు. ఈ మధ్య మా వీధిలో పేపరు వేసే అబ్బాయి తన వెనక లైటు తెచ్చి, "సార్, గుంత వస్తే ఆరిపోతోంది, చేత్తో తడితే మళ్లీ వెలుగుతోంది" అన్నాడు. ఈ రెండు ముక్కల్లోనే రోగం సగం తెలిసిపోయింది. కుదుపుకు ఆరి, తడితే వెలిగిందంటే ఎక్కడో లూజ్ కాంటాక్ట్ ఉంది. విప్పి, బోర్డును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూశాం. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు బోర్డుకు అతికిన చోట, సోల్డరు చుక్క చుట్టూ వెంట్రుక కంటే సన్నటి గుండ్రటి గీత. చూపుకు వైరు అతుక్కునే ఉంది. అగ్గిపుల్లతో మెల్లగా తాకితే కదిలింది. కదిలినప్పుడల్లా ఎర్రలైటు ఆరి వెలిగింది. ఆ అబ్బాయి కళ్లు విప్పార్చుకుని చూశాడు. అతుకు మళ్లీ వేశాక, వైరు లాగినా అతుకు మీద బరువు పడకుండా పక్కనే ఒక చుక్క జిగురు పెట్టి వైరును బోర్డుకు అంటించాం. చవక లైట్లలో కంపెనీవాళ్లు తప్పించేది ఆ జిగురు చుక్కే.

అతుకు వేయడంలో మెలకువ ఒకటే. వేడి ముందు లోహానికి ఎక్కాలి, తరువాత సోల్డరు కరగాలి. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న తీగ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, ఇంకాస్త పైన పూర్తిగా కరుగుతుంది. ఐరన్ మొనను వైరుకూ బోర్డు మీది రాగికీ కలిపి ఆనించి, రెండు సెకన్లు ఆగి, తీగను ఆ చోట తాకించాలి. మంచి అతుకు మెరుస్తూ అంచుల దాకా వాలుగా పాకుతుంది. బూడిదరంగులో పూసలా ముద్దగా నిలబడితే అది డ్రై సోల్డర్, మళ్లీ ఊడుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, పొగ పీల్చకండి. ఆ తీగలో సీసం ఉంది కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సోల్డరింగ్ రాకపోయినా నష్టం లేదు. తప్పు ఎక్కడుందో మీరు వేలు పెట్టి చూపిస్తే రేడియో, టీవీ బాగుచేసేవాళ్లు రెండు నిమిషాల్లో అతికి ఇస్తారు.

నాలుగోది ఛార్జింగ్. "నా లైటు ఛార్జి ఎక్కడం లేదు" అని చాలామంది అంటారు. లైటు విప్పే ముందు కేబుల్ మార్చి చూడండి. ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. కొత్తగా వస్తున్న టైప్ సి సాకెట్టులో 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్లు రెండు ఉండాలి. రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్‌తో కలిపినప్పుడు, అవతల ఒక వస్తువు ఉందని ఛార్జరుకు తెలిసేది వాటి వల్లే. చవక లైట్లలో పైసలు మిగుల్చుకోవడానికి వాటిని తీసేస్తారు. అప్పుడు ఛార్జరు కరెంటు వదలదు. అదే లైటును, ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో పెడితే చక్కగా ఛార్జి ఎక్కుతుంది. బాగున్న లైటును పాడైందనుకుని పారేసినవాళ్లు ఎందరో. పవర్ బ్యాంకుతో కూడా ఇంకో చిక్కు ఉంది. లైటు లాగే కరెంటు మరీ తక్కువైతే, ఏమీ తగిలించలేదనుకుని అది తనంతట తానే ఆగిపోతుంది. మామూలు ఫోను ఛార్జరుకు పెట్టి చూడండి.

కేబుల్ మార్చినా ఎక్కకపోతే సాకెట్టులోకి టార్చి వేసి చూడండి. మట్టి గడ్డకట్టి ఉంటే లైటు ఆపి, చెక్క పుల్లతో తీయండి. సూది పెట్టొద్దు, లోపలి పిన్నులు వంగి షార్ట్ అవుతాయి. పిన్ను గుచ్చి కొంచెం అటూ ఇటూ కదిపితే ఛార్జింగ్ గుర్తు వెలిగి ఆరుతోందంటే సాకెట్టు అతుకు ఊడిందన్నమాట. అది సన్నపని. ఫోన్లకు ఛార్జింగ్ పాయింటు మార్చేవాళ్ల చేతిలో పెట్టడమే మేలు.

ఇక ఎల్ఈడీ. నాలుగు చోట్లూ చూశాకే దాని మీద అనుమానం పెట్టుకోవాలి. దాన్ని పరీక్షించడానికి సిఆర్ 2032 అనే బిళ్ల సెల్లు చాలు. ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. అది 3 వోల్టులే ఇస్తుంది, అదీ కొద్దిపాటి కరెంటుతో. కాబట్టి చిన్న ఎల్ఈడీ మాడిపోదు. ఎర్రదానికి దాదాపు 2 వోల్టులు, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి కాబట్టి ఎర్రది బాగా, తెల్లది కొంచెం మసకగా వెలుగుతాయి. వెలగకపోతే తిప్పి పెట్టండి, ఎల్ఈడీలో కరెంటు ఒక వైపే పారుతుంది. ఈ మాటతోపాటే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఈ బిళ్ల సెల్లు పసిపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని గంటల్లో లోపలి కండను కాల్చేస్తుంది. ప్రాణాపాయం. పని కాగానే భద్రంగా దాచండి. మింగారని అనుమానం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. లిథియం బ్యాటరీ. మిగతా అన్నిచోట్లా ధైర్యంగా చేయి పెట్టమన్నాను. ఇక్కడ మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండమంటాను. లిథియం సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, మామూలుగా 3.7 వోల్టులు. నెలల తరబడి వదిలేస్తే అడుగంటుతుంది. అప్పుడు లోపలి రక్షణ చిప్పు దాన్ని కట్ చేసి పెడుతుంది. కాసేపు ఛార్జింగ్‌లో పెడితే కొన్ని మళ్లీ లేస్తాయి. కానీ మీటరులో 2 వోల్టుల కంటే తక్కువ చూపించే సెల్లును మళ్లీ బతికించాలని చూడొద్దు. ఉబ్బిన సెల్లును, నొక్కుపడిన సెల్లును, తియ్యటి రసాయనం వాసన వచ్చే సెల్లును ఛార్జి పెట్టొద్దు, గుచ్చొద్దు, నిప్పు దగ్గర ఉంచొద్దు. అది మంటలు లేపగలదు.

మార్చాల్సి వస్తే అదే వోల్టేజి, అదే కొలత, రక్షణ బోర్డు ఉన్న సెల్లునే కొనండి. గుండ్రటి సెల్లు మీద 18650 అని ఉంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. ఆ సైజులో నిజాయితీగా దొరికే అత్యధిక సామర్థ్యం 3500 మిల్లీ ఆంప్ అవర్ల చుట్టూనే ఉంటుంది. దాని మీద 9900 అని రాసి ఉంటే అది అబద్ధం, కొనకండి. పాత సెల్లు తీసేటప్పుడు రెండు వైర్లనూ ఒకేసారి కత్తిరించకండి. కత్తెర రెండింటినీ కలిపితే షార్ట్ అవుతుంది. ఒకటి కత్తిరించి, దాని కొసకు టేపు చుట్టి, అప్పుడు రెండోది. సెల్లు ఒంటి మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకండి, ఆ వేడి లోపలికి పాకుతుంది. వైర్లు ముందే అతికి ఉన్న సెల్లునే అడగండి. కొత్త సెల్లు వేశాక మొదటి ఛార్జింగ్ మీ కళ్లెదుట జరగాలి. పడుకునే ముందు పెట్టి వదిలేయొద్దు.

చచ్చిన సెల్లును మామూలు చెత్తలో కలపకండి. మునిసిపాలిటీ చెత్తబండిలో నలిగి అంటుకుంటే అక్కడ పనిచేసేవాళ్ల చేతులు కాలతాయి. మన దేశంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధికి పంపే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు. కొసలకు టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

లైటు వెలిగింది. పని అయిపోయిందనుకోకండి. మళ్లీ పాడు కాకుండా చూడాలి. లైటు శత్రువుల్లో మొదటిది నీళ్లు. ఛార్జింగ్ సాకెట్టు మీది రబ్బరు మూత ఎప్పుడూ మూసి ఉండాలి, సాకెట్టు కిందివైపు ఉండేలా బిగించాలి. పెట్టె రెండు భాగాల మధ్య సన్నటి రబ్బరు రింగు ఉంటే దాని మీద సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. లైటు తడిసిపోతే చాలామంది బియ్యం డబ్బాలో పెడతారు. నీరు ఆరినా అందులోని ఉప్పూ మట్టీ బోర్డు మీదే ఉండి రాగిని తింటాయి. సెల్లు తీసి, బోర్డును స్పిరిట్‌తో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టడమే సరైన పద్ధతి.

రెండో శత్రువు కుదుపు. రబ్బరు పట్టీ ఎండకు పగిలిపోతే సైకిలు షాపులో పనికిరాని ట్యూబు ముక్క అడగండి, ఊరికే ఇస్తారు. దాన్ని అడ్డంగా వేలెడు వెడల్పు కోస్తే సాగే రింగు వస్తుంది. కొన్న పట్టీ కంటే అది ఎక్కువ కాలం మన్నుతుంది. ఇంకో ముక్కను హ్యాండిల్ చుట్టూ చుట్టి దాని మీద లైటు బిగిస్తే జారదు, అదరదు. ముందు లైటును కాస్త కిందికి వంచండి. వెలుగు రోడ్డు మీద పడాలి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కాదు. వెనక లైటు చొక్కా అంచు కిందో, క్యారేజీ మీది సంచి వెనకో దాక్కోకుండా చూడండి.

చివరి పరీక్ష తప్పక చేయండి. చీకటి గదిలో లైటు వేసి, చేత్తో గట్టిగా ఊపండి, బల్ల మీద తట్టండి. ఒక్క మిణుకు కూడా తేడా రాకూడదు. తరువాత నిండా ఛార్జి చేసి, ఎన్ని గంటలు వెలుగుతుందో గడియారం చూసి రాసుకోండి. మీరు రోజూ చీకట్లో తొక్కే సమయానికి అది రెండింతలైనా ఉండాలి. బాగుచేసిన లైటు మీద ఒక ప్రాణం ఆధారపడుతుంది. నాకు నమ్మకం కుదరని లైటును నేను ఎవరికీ తిరిగి ఇవ్వను. సైకిలుకు వెనక ఎర్ర రిఫ్లెక్టరు కూడా పెట్టించుకోండి. దానికి సెల్లు అక్కర్లేదు, వెనక బండి లైటు పడితే చాలు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. కొన్న వస్తువును బాగుచేసుకునే సమాచారం మనకు అందాలన్నది దాని ఉద్దేశం. మంచి అడుగు. కానీ పేరూ ఊరూ లేని రెండొందల లైటుకు సర్వీసు సెంటరు ఎక్కడుంటుంది? దానికి దిక్కు మనమే. ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు, ఐటీఐ విద్యార్థులు, భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లు, చేతిపని మీద ఇష్టమున్న గృహిణులు. విద్యుత్తు పాఠం చెప్పే మాస్టార్లకు నా విన్నపం. పాడైన లైటు ఒకటి తరగతికి తీసుకెళ్లండి. ఆ పాఠం పిల్లలు మర్చిపోరు.

వింటున్నవారు కాగితం, పెన్ను తీసుకుంటే వరస మరోసారి చెబుతాను. మొదట సెల్లు. తరువాత స్ప్రింగు. తరువాత స్విచ్చి. తరువాత అతుకులు. తరువాత కేబుల్, సాకెట్టు. ఎల్ఈడీ చివర. ఉబ్బిన లిథియం సెల్లు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. టార్చికీ, రిమోటుకూ, పిల్లల బొమ్మకూ ఈ వరసే పనికొస్తుంది. ఈ ఆదివారం మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక లైటు విప్పి చూడండి.